చంపే గుణం ఉంటే మూలికనూ మందుగానే చూడాలి

పేగుల్లోని చెడ్డ సూక్ష్మజీవులను మూలికలతో చంపేయండి, ఖాళీ అయిన చోటును ప్రోబయాటిక్‌తో నింపండి. కడుపు ఉబ్బరం, గ్యాస్, అజీర్తి, మలబద్ధకం, బాధ ఏదైనా ఇప్పుడు చాలామందికి అందుతున్న సలహా ఇదే. మందుల షాపులోనూ, ఆన్‌లైన్‌లోనూ ఈ రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. కొన్నిచోట్ల రెండింటినీ ఒకే క్యాప్సూల్‌లో కూరి అమ్ముతున్నారు. వినడానికి సలహా సబబుగానే ఉంటుంది. యాంటీబయాటిక్ పేరు చెబితే జంకేవాళ్లకు మూలిక ఊరట. మూలిక ఏమైనా చెరుపు చేస్తుందేమోనని సందేహించేవాళ్లకు ప్రోబయాటిక్ హామీ. అసలు చిక్కు ఈ హామీ దగ్గరే ఉంది. ఒక మూలిక పేగులోని బ్యాక్టీరియాను నిజంగా చంపగలదని మనం నమ్ముతున్నట్లయితే, యాంటీబయాటిక్‌ను ఎంత జాగ్రత్తగా వాడాలంటామో దాన్నీ అంతే జాగ్రత్తగా వాడాలి. ముందు రోగ నిర్ధారణ, తర్వాత కొలిచిన మోతాదు, ఎప్పుడు ఆపాలో ముందే తెలిసిన గడువు. ప్రోబయాటిక్ తోడు చేసినంత మాత్రాన ఈ మూడింటిలో ఏ ఒక్కటీ అక్కర్లేకుండా పోదు. చంపేంత శక్తి ఆ మూలికకు లేదంటారా, అప్పుడది ఆహారం. ఆహారంగా దానికి ఇవ్వాల్సిన విలువ ఇద్దాం, మందుకు పెట్టే ధర మాత్రం పెట్టనక్కర్లేదు.

మూలికలకు సూక్ష్మజీవులను చంపే గుణం ఉందన్నది నిజమే. మొక్క పారిపోలేదు కనుక తన మీదికొచ్చే పురుగును, బూజును, బ్యాక్టీరియాను రసాయనాలతోనే ఎదుర్కొంటుంది. మానుపసుపు చెక్కకు పచ్చటి రంగునిచ్చే బెర్బెరిన్, వాము ఘాటుకు కారణమైన థైమాల్, వెల్లుల్లి రేకను దంచినప్పుడు పుట్టే అలిసిన్ అలాంటి ఆయుధాలే. థైమాల్ బ్యాక్టీరియా చుట్టూ ఉండే పొరను చెడగొట్టి లోపలి సరుకు బయటికి కారిపోయేలా చేస్తుంది. అలిసిన్ దాని ఎంజైములకు అంటుకుని వాటిని పనిచేయనివ్వదు. అయితే పొర, ఎంజైములు రోగం తెచ్చే బ్యాక్టీరియాకే ఉండవు కదా, పెరుగు తోడులోని బ్యాక్టీరియాకూ ఉంటాయి. పచారీ కొట్లో వాము పువ్వు అని అమ్మే తెల్లటి పలుకులు థైమాలే. కర్పూరం, పుదీనా పువ్వుతో కలిపితే అవి కరిగి అమృతధార అవుతాయి. నోరు పుక్కిలించే యాంటీసెప్టిక్ ద్రావణాల్లోనూ ఇదే పదార్థం ఉంటుంది. ఆ ద్రావణం నోట్లోని మంచి క్రిములను వదిలిపెట్టి చెడ్డవాటినే ఏరి చంపుతుందని ఎవరూ అనరు. గొంతు దిగాక దానికి ఆ వివేకం వస్తుందని మాత్రం క్యాప్సూల్ అమ్మేవారు చెబుతున్నారు.

వారి వైపూ ఒక ఆధారం ఉంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2009లో ఎనిమిది సుగంధ తైలాలను పేగుల్లో కనిపించే పన్నెండు రకాల సూక్ష్మజీవుల మీద పరీక్షించారు. వాము తైలం, షాజీరా తైలం వంటి కొన్ని మాత్రం హాని చేసే జీవులను అణిచే గాఢతలో మేలు చేసేవాటిని పెద్దగా తాకలేదని తేలింది. వాము అభిమానులు సంతోషించాల్సిన ఫలితమే. కానీ ఆ పరీక్ష గాజు పాత్రల్లో జరిగింది. మింగిన థైమాల్‌లో చాలాభాగం పేగు పైభాగంలోనే రక్తంలోకి వెళ్లిపోతుంది. కోటానుకోట్ల బ్యాక్టీరియా కాపురముండే పెద్దపేగు దాకా చేరేది కొద్దిపాటే. పైగా ఏరి చంపడం అనేది గాఢతను బట్టి ఉంటుంది. గాఢత తక్కువైతే ఏదీ చావదు, ఎక్కువైతే అన్నీ చస్తాయి. ఆ రెంటికీ మధ్యనున్న సన్నటి గీత మనిషి పేగులో ఎక్కడుందో తేల్చి, అక్కడికి సరిపోయే మోతాదును క్యాప్సూల్ మీద అచ్చువేస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

మోతాదు మాట వచ్చింది కనుక మజ్జిగ గురించి చెప్పుకోవాలి. ఈ కలయికలో కొత్తేముంది, వాము, శొంఠి, ఇంగువ, కరివేపాకు వేసిన మజ్జిగ మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదే కదా అని చాలామంది అడుగుతారు. నిజమే, ఉంది. దానికి అభ్యంతరం చెప్పేవాళ్లెవరూ లేరు. వాము గింజల్లో తైలం నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లు, అందులో సుమారు సగం థైమాల్. గ్లాసు మజ్జిగలో వేసే చిటికెడు వాము నుంచి వచ్చేది కొన్ని మిల్లీగ్రాములకు మించదు. అది బ్యాక్టీరియాను చంపడానికి చాలదు. చాలేట్టయితే ముందు ఆ మజ్జిగలోని బ్యాక్టీరియానే చచ్చి ఊరుకునేది. వాము వేసిన మజ్జిగ మర్నాటికి ఇంకా పులుస్తోందంటే అవి నిక్షేపంగా ఉన్నాయనే అర్థం. (మజ్జిగ పులుసు సంగతి వేరు. పొయ్యి మీద మరిగాక అందులో బతికున్న బ్యాక్టీరియా మిగలదు, రుచి మిగులుతుంది.) కాబట్టి వంటింటి వాడుకను చూపించి, గుప్పెడు గింజల నుంచి తీసిన తైలాన్ని ఒక్క క్యాప్సూల్‌లో నింపి అమ్మడాన్ని సమర్థించడం కుదరదు. పేరొకటే అయినా ఒకటి తాలింపు గింజ, రెండోది గాఢ రసాయనం. వంటింటి వైపు మొగ్గడానికి మంచి ఆధారమే ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 36 మంది పెద్దవాళ్లతో చేసిన పరిశోధన 2021లో వెలువడింది. పది వారాలపాటు పెరుగు వంటి పులిసిన ఆహారం ఎక్కువగా తిన్నవారి పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపును సూచించే పంతొమ్మిది ప్రోటీన్లు తగ్గాయి. చిన్న పరిశోధనే, రోగం నయమైందని అది చెప్పలేదు. కానీ పెరుగన్నానికీ, చద్దన్నానికీ, తరవాణికీ మనం ఇస్తున్న చోటు తప్పు కాదనడానికి అది చాలు.

క్యాప్సూల్‌లోని ప్రోబయాటిక్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. తగినంత సంఖ్యలో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులనే ప్రోబయాటిక్ అనాలని ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లోనే నిర్వచించారు. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం రోజువారీ మోతాదులో కనీసం పది కోట్ల సజీవ క్రిములు ఉండాలి. సంఖ్య కంటే ముఖ్యమైంది స్ట్రెయిన్, అంటే ఒకే జాతిలోని ప్రత్యేక రకం. ఒక స్ట్రెయిన్ సాధించిన ఫలితాన్ని ఇంకో స్ట్రెయిన్ ఖాతాలో వేయడానికి వీల్లేదు. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులతో జరిగిన ట్రయల్ దీనికి గొప్ప ఉదాహరణ. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఎంచిన ఒక స్ట్రెయిన్‌ను, దానికి మేతగా పనికొచ్చే ఒక చక్కెర పదార్థంతో కలిపి వారం రోజులు ఇచ్చారు. ఉత్తుత్తి మందు తీసుకున్న శిశువుల్లో నూటికి 9 మందికి రక్తంలో ఇన్ఫెక్షనో మరణమో సంభవిస్తే, ఈ జోడీ అందిన శిశువుల్లో అది 5.4కు తగ్గింది. 2017లో నేచర్ పత్రిక ప్రచురించిన ఈ ఫలితం ప్రోబయాటిక్ రంగంలో మన దేశం నుంచి వచ్చిన అతి విలువైన ఫలితాల్లో ఒకటి. ఆ మరుసటేడే అమెరికా, కెనడాల్లో వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన పిల్లల మీద వేరే స్ట్రెయిన్లతో రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. రెండింట్లోనూ ప్రోబయాటిక్‌కూ ఉత్తుత్తి మందుకూ తేడా కనబడలేదు. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన క్లోమ వాపుతో ఆసుపత్రిలో చేరిన 298 మందితో చేసిన ట్రయల్ 2008లో ఇంకా చేదు నిజం చెప్పింది. ప్రోబయాటిక్ అందినవారిలో మరణాలు 16 శాతం, అందనివారిలో 6 శాతం. మంచి బ్యాక్టీరియా ఎవరికైనా, ఎప్పుడైనా మంచిదే అనే మాట ఆ తర్వాతా చెల్లుబాటవుతోందంటే ఆశ్చర్యమే.

మరి చంపే మందు, బతికించే బ్యాక్టీరియా కలిసి పనిచేసిన దాఖలా లేదా? ఉంది, అదీ గట్టిది. కాకపోతే అది యాంటీబయాటిక్‌తో. యాంటీబయాటిక్ వాడేటప్పుడు క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పేగులో విజృంభించి ప్రమాదకరమైన విరేచనాలు తెస్తుంది. మొత్తం 8,672 మంది పాల్గొన్న 31 ట్రయల్స్‌ను, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ నిపుణులు 2017లో కలిపి చూస్తే, ప్రోబయాటిక్ తోడున్నప్పుడు ఆ విరేచనాలు నూటికి 4 నుంచి 1.5కు తగ్గినట్టు తేలింది. మూలికల జోడీని సమర్థించేవారు ఈ ఫలితాన్నే తమ వాదానికి పునాదిగా చూపిస్తారు. యాంటీబయాటిక్‌తో పనిచేసింది మూలికతో పనిచేయదా అంటారు. పనిచేయవచ్చు. కానీ ఆ ట్రయల్స్‌లో చంపే మందు ఏమిటో, ఎంతో, ఎన్నాళ్లో తెలుసు. దాన్ని వాడాల్సిన జబ్బు ఉందని వైద్యుడు ముందే తేల్చాడు. ప్రోబయాటిక్ నివారించింది ఒక నిర్దిష్టమైన ప్రమాదాన్ని. ఇవేవీ లేకుండా వట్టి కడుపుబ్బరానికి ఇచ్చే జోడీకి ఆ ఫలితాన్ని అరువిచ్చేదెలా?

పైగా పునాది కింద ఇంకో పొర ఉంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 21 మంది ఆరోగ్యవంతులకు వారంపాటు రెండు యాంటీబయాటిక్‌లు ఇచ్చి, ఆ తర్వాత వారిని మూడు జట్లు చేశారు. ఒక జట్టును ఊరికే వదిలేశారు. రెండో జట్టుకు మందుకు ముందు సేకరించి ఉంచిన వారి సొంత మలంలోని సూక్ష్మజీవులనే తిరిగి ఎక్కించారు. మూడో జట్టుకు పదకొండు స్ట్రెయిన్ల ప్రోబయాటిక్ ఇచ్చారు. సొంత సూక్ష్మజీవులు తిరిగి అందినవారి పేగులు కొన్ని రోజుల్లోనే పాత స్థితికి వచ్చాయి, ఊరికే ఉన్నవారివి కొన్ని వారాల్లో సర్దుకున్నాయి. ప్రోబయాటిక్ మింగినవారివి మాత్రం నెలలు గడిచినా పూర్తిగా కోలుకోలేదు. 2018లో సెల్ పత్రికలో వచ్చిన ఈ ఫలితాన్ని అతిగా సాగదీయకూడదు. మనుషులు తక్కువ, వాళ్లెవరూ రోగులు కారు, కోలుకోవడం ఆలస్యమైనందుకు వారికి ఏదైనా జబ్బు చేసిందని తేలలేదు. అయినా, చంపిన చోట బయటి బ్యాక్టీరియాను నింపితే సొంత బ్యాక్టీరియా త్వరగా తిరిగొస్తుందన్న ఊహ మీద బతుకుతున్న వ్యాపారానికి ఇది జవాబు చెప్పాల్సిన ప్రశ్న. కొత్తగా వచ్చినవి ఖాళీని ఆక్రమించి పాతకాపులను రానివ్వకపోవచ్చు కూడా.

మూలిక, ప్రోబయాటిక్ కలిపి ఇస్తే ఏమవుతుందో నేరుగా తేల్చడానికి చేసిన పరీక్షల్లో నాకు అన్నిటికన్నా పద్ధతిగా కనిపించేది చైనాది. కొత్తగా టైప్-2 మధుమేహం బయటపడిన 409 మందిని ఇరవై ఆసుపత్రుల్లో నాలుగు జట్లుగా విడగొట్టారు. ఒక జట్టుకు బెర్బెరిన్, ఒకదానికి ప్రోబయాటిక్, ఒకదానికి రెండూ, చివరిదానికి రెంటిలో ఏదీ లేని ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ, వైద్యుడికీ తెలియదు. పన్నెండు వారాల తర్వాత మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ చూశారు. రెండూ కలిపి తీసుకున్నవారిలో 1.04 పాయింట్లు తగ్గింది, బెర్బెరిన్ ఒక్కటే తీసుకున్నవారిలో 0.99. ప్రోబయాటిక్ ఒక్కటే తీసుకున్నవారిలో 0.53, ఉత్తుత్తి మందు వారిలో 0.59. ఈ నాలుగు అంకెల్ని కాసేపు చూస్తూ కూర్చుంటే చాలా విషయాలు తేటపడతాయి. పని చేసింది మూలిక నుంచి వచ్చిన బెర్బెరిన్. దాని సత్తాను శంకించాల్సిన పనిలేదు. ప్రోబయాటిక్ దానికి అదనంగా చేర్చింది దాదాపు ఏమీ లేదు. ఉత్తుత్తి మందు మింగినవారికీ అర పాయింటుకు పైగా తగ్గింది, అంటే నాలుగో జట్టే లేకపోతే ప్రోబయాటిక్ కూడా చక్కెరను తగ్గించిందని పండగ చేసుకునేవాళ్లం. ఇంకొకటి, బెర్బెరిన్ అందిన జట్లలో విరేచనాలు, కడుపు ఇబ్బందులు ఎక్కువ వచ్చాయి. పేగు ఆరోగ్యం కోసమే దాన్ని మింగేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఇదే ప్రాజెక్టు నుంచి వచ్చిన మరో విశ్లేషణ, భోజనం తర్వాత రక్తంలో పెరిగే కొవ్వుల విషయంలో జోడీకి కొంత మెరుగు ఉందంది. కాబట్టి కలయిక ఎందుకూ కొరగాదని తీర్పు చెప్పేయడం తొందరపాటు. ఏ జబ్బుకు, ఏ కొలమానంతో చూస్తే పనిచేసిందన్న వివరం లేని ప్రచారాన్ని నమ్మడం అంతకన్నా తొందరపాటు.

మూలికల పక్షాన తరచుగా వినిపించే ఇంకో పరిశోధన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానిది. చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరిగిందని శ్వాస పరీక్షలో తేలిన 104 మందిలో 67 మంది రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్, 37 మంది మూలికా క్యాప్సూళ్లు నాలుగు వారాలు వాడారు. తిరిగి పరీక్షిస్తే యాంటీబయాటిక్ జట్టులో 34 శాతానికి, మూలికల జట్టులో 46 శాతానికి పరీక్ష మామూలుగా వచ్చింది. మూలికలు యాంటీబయాటిక్‌ను ఓడించాయని చాలాచోట్ల రాస్తుంటారు. అంకెల్లో ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రాగలిగినంత చిన్నది. ఎవరు ఏ మందు వాడాలో చీటీ తీసి నిర్ణయించలేదు, రోగులే ఎంచుకున్నారు. ఉత్తుత్తి మందు జట్టు లేనే లేదు. ఇన్ని లోపాలున్నా నాకు అందులో ఆశాజనకంగా కనిపించేది ఒకటుంది. ఆ వైద్యులు మూలికను యాంటీబయాటిక్‌తో సమానంగా చూశారు: ముందు పరీక్ష, నాలుగు వారాల గడువు, మళ్లీ పరీక్ష. ఆ క్రమశిక్షణను వదిలేసి 46 అనే అంకెను మాత్రమే తెచ్చుకున్నాం.

మూలికల మీద ఖర్చు పెట్టి పరీక్షలు చేసేదెవరు, పేటెంట్ లేని మొక్క మీద ఏ కంపెనీ డబ్బు పెడుతుంది అనే అభ్యంతరంలో న్యాయం ఉంది. కానీ అది అసాధ్యమేమీ కాదని ఢాకా ఎప్పుడో చూపించింది. అక్కడ 165 మంది విరేచనాల రోగుల మీద బెర్బెరిన్‌ను పరీక్షించి 1987లో ఫలితాలు ప్రచురించారు. ఒక రకం ఈ.కోలై వల్ల వచ్చిన విరేచనాల్లో 400 మిల్లీగ్రాముల ఒక్క మోతాదుతో 24 గంటల్లో 42 శాతం మందికి తగ్గాయి, ఇవ్వనివారిలో 20 శాతానికే తగ్గాయి. కలరా విషయంలో మాత్రం టెట్రాసైక్లిన్‌కు బెర్బెరిన్ జతచేసినా అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఏ క్రిమి మీద పనిచేస్తుంది, దేని మీద చేయదు, ఎంత ఇవ్వాలి, దేనితో కలిపితే వృథా అన్న నాలుగు ప్రశ్నలకూ ఒక పేద దేశపు ఆసుపత్రి నలభై ఏళ్ల కిందటే జవాబు వెతికింది. మన వద్ద ఆయుష్ శాఖ, వైద్య పరిశోధన మండలి కలిసి పరిశోధనలు చేయడానికి 2023లో ఒప్పందం చేసుకున్నాయి. చైనా వాళ్లు వేసిన నాలుగు జట్ల లెక్కలో, మన దగ్గర వాడుకలో ఉన్న జోడీలతో, కడుపుబ్బరం మీదనో ఐబీఎస్ అనే దీర్ఘకాలిక పేగు సమస్య మీదనో ఒక ట్రయల్ చేయడానికి ఆ ఒప్పందం సరిపోతుంది.

మూలిక, ప్రోబయాటిక్ జోడీని సమర్థించే వైద్యులు పొలం పోలిక తెస్తారు. ముందు కలుపు తీస్తాం, తర్వాత నారు వేస్తాం, ఆ తర్వాత ఎరువు చల్లుతాం అంటారు. పోలిక బాగుంది, ఆచరణ దానికి తగ్గట్టు లేదు. కలుపు మందు కొట్టే రైతు ఏ కలుపుకు ఏ మందో, ఎకరానికి ఎంతో, కొట్టాక ఎన్నాళ్లకు నాటాలో చూసుకుంటాడు. క్యాప్సూల్‌లో రెండూ కలిపి అమ్మడమంటే మందు డబ్బాలోనే విత్తనాలు వేసి పిచికారీ చేయడమే. కనీసం రెండు మూడు గంటల ఎడం ఉంచి వాడమని చెప్పేవాళ్లు కొంత నయం. ఇక్కడే శాక్రోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్‌ను ముందుకు తెస్తారు. ఇది బ్యాక్టీరియా కాదు, శిలీంధ్రం. అందువల్ల యాంటీబయాటిక్ దాన్ని చంపలేదు. యాంటీబయాటిక్‌తో పాటు వాడుకోవడానికి వీలైంది కూడా ఆ కారణంగానే. మూలికల దగ్గరికొచ్చేసరికి ఆ వాదం తిరగబడుతుంది. థైమాల్, అలిసిన్ బ్యాక్టీరియాతో పాటు ఈస్ట్‌లనూ అణుస్తాయి. క్యాండిడా ఈస్ట్‌ను చంపుతుందని ఒక పక్క ప్రచారం చేస్తూ, అదే డబ్బాలో ఇంకో ఈస్ట్‌ను పెట్టి అది క్షేమంగా ఉంటుందనడం ఎలా పొసుగుతుంది?

వాడినవాళ్లకు తగ్గింది కదా, ఇంక ఈ అంకెలెందుకు అన్నది సామాన్యుడి ప్రశ్న. దీన్ని తేలిగ్గా తీసేయలేం. ఉబ్బరం, నొప్పి రోగి అనుభవించేవి. తగ్గాయని అతను చెబితే తగ్గినట్టే. ఎందుకు తగ్గాయన్నది వేరే ప్రశ్న. ఈ జబ్బులు సహజంగానే కొన్నాళ్లు హెచ్చుతాయి, కొన్నాళ్లు తగ్గుతాయి, మనం మందు మొదలుపెట్టేది హెచ్చినప్పుడే. దానికితోడు ఐబీఎస్‌లో ఉత్తుత్తి మందుకే ఎంతోమందికి గుణం కనిపిస్తుంది. హార్వర్డ్ పరిశోధకులు 2010లో 80 మంది ఐబీఎస్ రోగుల్లో సగంమందికి, ఇది మందు లేని మాత్ర అని ముఖం మీదే చెప్పి ఇచ్చారు. అయినా మూడు వారాల్లో 59 శాతం మందికి ఉపశమనం కలిగింది. ఏమీ ఇవ్వనివారిలో 35 శాతానికే కలిగింది. కాబట్టి ఉపశమనం నిజమైనంత మాత్రాన దాన్ని తెచ్చింది బ్యాక్టీరియా మార్పిడేనని నిర్ధారించలేం. ఖర్చు లేని, చెరుపు లేని మాత్రతో అంత మేలు జరిగితే ఎవరికీ పేచీ లేదు. నెలకు వేల రూపాయల జోడీ అయినప్పుడు, అందులో ఒకటి పేగును కదిలించే రసాయనం అయినప్పుడు పేచీ తప్పదు.

ఆ చెరుపు ఊహ కాదు. కోవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తి కోసం తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని పదమూడు వైద్య కేంద్రాలు 2022లో ప్రచురించాయి. అంతకు ముందు ఇలాంటి కేసులు బయటపడినప్పుడు ఆయుష్ శాఖ, అది తిప్పతీగ కాకపోవచ్చు, పోలికలో దగ్గరగా ఉండే వేరే జాతి తీగ కావచ్చని అంది. ఆ వాదన నిజమే అనుకుందాం. సామాన్యుడు కొన్న పొడిలో ఏ తీగ ఉందో ఎవరూ చెప్పలేని పరిస్థితి ఉందని ఒప్పుకున్నట్టే కదా. బెర్బెరిన్‌ది ఇంకో తరహా చిక్కు. కాలేయంలో మందులను విరిచే ఎంజైములకు అది అడ్డుపడుతుంది. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్ స్థాయి దానివల్ల రక్తంలో పెరుగుతుంది. చక్కెర తగ్గించే మాత్రలు వాడేవారిలో చక్కెర మరీ పడిపోవచ్చు. పుట్టిన పిల్లల్లో పసరికలను తీవ్రం చేసే ప్రమాదం ఉంది గనుక గర్భిణులు, బాలింతలు దానికి దూరంగా ఉండాలి. ప్రోబయాటిక్ పక్కన ఉన్నంత మాత్రాన ఈ ప్రమాదాల్లో ఒక్కటీ తగ్గదు.

ఇదంతా ఆయుర్వేదాన్ని చిన్నబుచ్చడమే అనేవాళ్లున్నారు. చరకసంహిత గ్రహణి అధ్యాయంలో మజ్జిగను మెచ్చుకుంది, విరేచనాలకు కొడిశపాల బెరడును మన వైద్యం తరతరాలుగా వాడింది. ఈ జ్ఞానం ఎంత విలువైనదో భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితమే చెబుతుంది. ఆహారం ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన అన్నదమ్ములను బలితీసుకుంది, ఆయననూ పట్టింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలూ చెప్పారు. ఆ తర్వాత పరిశోధన ఆయనను అమెరికా తీసుకెళ్లింది. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లం తయారైంది, 1948లో మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ లోకానికి అందింది. ఇవాళ ఉష్ణమండల స్ప్రూకు వైద్యులు రాసే చికిత్స ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ జోడీయే. పేగులోని క్రిమిని అణిచేది ఒకటి, పేగు తిరిగి కట్టుకోవడానికి కావాల్సింది అందించేది ఇంకొకటి. కలయిక అనే ఆలోచన తప్పు కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ జోడీలో ప్రతిదానికీ మోతాదు ఉంది, గడువు ఉంది, ఏ జబ్బుకో పేరుంది. సంప్రదాయ వైద్యంతో బాగుపడిన మనిషే పరిశోధన బాట పట్టి అక్కడిదాకా వెళ్లాడు.

ఇప్పుడు చట్టం ఈ రెండు సరుకులను రెండు గదుల్లో ఉంచింది. మూలికా మందుకు ఆయుష్ లైసెన్స్, ఆహారంగా అమ్మే ప్రోబయాటిక్‌కు ఆహార భద్రత సంస్థ నిబంధనలు. రెండూ కలిసిన జోడీని జోడీగా పరీక్షించారా అని అడిగే బాధ్యత ఎవరి మీదా స్పష్టంగా పడటం లేదు. కలిపి అమ్మేవారు కొన్ని వివరాలు పెట్టె మీద ముద్రించాలని నిబంధన పెట్టడం కష్టమేమీ కాదు. మూలికలో చురుకైన రసాయనం ఎన్ని మిల్లీగ్రాములు, బ్యాక్టీరియా ఏ స్ట్రెయిన్, గడువు తేదీ నాటికి ఆ మూలిక పక్కనే ఉండి కూడా ఎన్ని బతికుంటాయి, ఎన్ని రోజులకు ఆపాలి, ఏ మందులతో కలపకూడదు. వీటిలో మూడోది ప్రయోగశాలలోనే తేలిపోయే విషయం. దాన్ని కూడా చెప్పలేని తయారీదారు మిగతావి చెబుతాడని ఆశించలేం.

వైద్యుల బాధ్యతా ఉంది. అల్లోపతి వైద్యుల్లో చాలామంది యాంటీబయాటిక్ చీటీ చివర అలవాటుగా ఏదో ఒక ప్రోబయాటిక్ రాసేస్తారు, స్ట్రెయిన్ ఏదో చూడరు. రోగి మూలికలు వాడుతున్నాడా అని అడగరు. అడిగితే కోప్పడతారేమోనని రోగి చెప్పడు. ఈ మౌనం వల్లే మందుల మధ్య పొసగని కేసులు ఆలస్యంగా బయటపడతాయి. రోగి వైపు నుంచి చూస్తే, రెండు మూడు వారాలకు మించి సాగే ఉబ్బరానికి ముందు కావాల్సింది కారణం. పాలు పడకపోవడం, థైరాయిడ్, గోధుమలు సరిపడని సీలియాక్ జబ్బు, మధుమేహం మాత్రలు, ఇవన్నీ అదే లక్షణంతో వస్తాయి, వీటిలో ఏదీ బ్యాక్టీరియాను చంపితే పోయేది కాదు. పిల్లలకు నీళ్ల విరేచనాలైతే ఓఆర్‌ఎస్, జింక్ ముందు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్రలేపే నొప్పి, నలభై అయిదు దాటాక కొత్తగా మారిన విరేచనం అలవాటు, వీటిలో ఏది కనిపించినా ఏ జోడీ మొదలుపెట్టకుండా పరీక్షకు వెళ్లాలి. అప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆ డబ్బాను వైద్యుడికి చూపించాలి.